తేజ మిర్చి ఎరుపు తేజలాగే ఉండాలి: ఎడిటింగ్‌లో మన స్టైల్ ఎలా పట్టుకోవాలి

మూడేళ్ళ కింద గుంటూరు మిర్చి యార్డులో ఒక పొద్దంతా తిరిగి తీసిన ఫోటోలకి డబ్బులు పెట్టి కొన్న ప్రీసెట్ (ముందే తయారుచేసిన ఎడిట్ సెట్టింగులు) వేసి, ఎరుపు ఇంకాస్త లాగి మా మావయ్యకి చూపించాను, ఆయన సత్తెనపల్లి వైపు ఎన్నో ఏళ్ళుగా మిరప వేస్తున్న మనిషి. ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి "ఏందబ్బాయ్, ఇందులో తాలు కాయే లేదే, అసలు ఇది తేజానా బ్యాడిగా?" అన్నాడు. ఇంటికొచ్చి ఒరిజినల్ ఫైల్ తీసి చూస్తే తాలు, అంటే రంగు పాలిపోయిన కాయ, శుభ్రంగా కనపడుతోంది, వాటన్నిటినీ ఆ ప్రీసెట్టే ఎర్రగా చేసేసింది, తేజ రకం సన్నటి మెరుపూ బ్యాడిగి రకం ముడతల ముదురు రంగూ రెండూ ఒకే ముద్దయిపోయాయి. రైతుకి రేటు తేలేది ఆ తేడా మీదే కదా, దాన్నే చెరిపేశానని చాలా బాధేసింది.

అప్పట్నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒకటే. స్టైల్ కావాలంటే ముందు ఏ రంగు జోలికి పోకూడదో తేల్చుకోవాలి, మిగతా ఎడిట్ అంతా దాని చుట్టూ కట్టుకోవాలి. నాకు మిర్చి ఎరుపు, మనుషుల ఒంటి రంగు, ఈ రెండూ. మీకు కృష్ణ నీళ్ళ రంగు కావచ్చు, కొండపల్లి బొమ్మల మీద రంగులు కావచ్చు.

మొదలుపెట్టడానికి సాఫ్ట్‌వేర్ ఏదన్నా పర్లేదు, లైట్‌రూమ్ అయినా స్నాప్‌సీడ్ అయినా. మీరు తీసినవాటిలో మీకు నిజంగా నచ్చినవి ఓ ముప్పై ఒక ఫోల్డర్‌లో వేసి చిన్న చిన్న బొమ్మలుగా ఒకేసారి చూడండి, లైకులు ఎన్నొచ్చాయో పక్కన పెట్టండి. ఏదో ఒకటి రిపీట్ అవుతుంటది. నావాటిలో నీడలు బాగా నల్లగా ఉన్నాయి, ఆకాశం దాదాపు లేదు, అన్నీ పొద్దున ఎనిమిదిలోపు తీసినవే. అది చూశాకే అర్థమైంది, నాకు లేత మాట్ లుక్ ఎందుకు కుదరట్లేదో, నలుపుని పైకి లేపితే నాకు నచ్చిన ఆ బరువంతా పోతోంది.

వీలుంటే రా (RAW, సెన్సార్ పట్టిన డేటాని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్) లో తీయండి. జేపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 256 వెలుతురు మెట్లే ఉంటాయి, 14 బిట్ రా లో 16,384, అందుకే జేపెగ్‌లో ఎరుపు లాగితే టిక్కీల (మిర్చి బస్తాల) మీద కాయలన్నీ పెయింట్ పోసినట్టు అతుక్కుపోతాయి. ఇంకోటి, మొత్తం హిస్టోగ్రామ్ (వెలుతురు ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు కనపడుతుంది కానీ రెడ్ ఛానెల్ ఒక్కటే కుడివైపు గోడకి కొట్టేసి ఉంటది, అంటే ఎరుపులో వివరాలు పోయినట్టే, మిర్చికీ కుంకుమకీ ఇది చాలా సార్లు జరుగుద్ది, కాబట్టి తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ ఓ అర స్టాప్ తగ్గించి, అంటే కొంచెం ముదురుగా తీయండి.

ఎడిట్‌లో వరుస మార్చొద్దు. ముందు వైట్ బ్యాలెన్స్ (ఫోటో పసుపు వైపా నీలం వైపా అన్నది సర్దేది), తర్వాత ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుతురు), తర్వాత టోన్ కర్వ్ (నీడలూ వెలుగులూ సర్దే గీత), ఆ తర్వాతే రంగులు. చాలామంది రంగుల దగ్గర మొదలుపెట్టి వెనక్కొస్తారు, అప్పుడు ప్రతి ఫోటో ఒక్కోలా వస్తది. వైట్ బ్యాలెన్స్ గురించి ఒక మాట, మే నెల బెజవాడ మధ్యాహ్నం ఎండ తెల్లగా ఉంటది, కళ్ళు చిట్లించేంత తెల్లగా, దాన్ని తేనె రంగులోకి తిప్పితే అది మన ఊరు కాకుండా పోతుంది. నేనైతే బ్యారేజ్ మీద మిట్టమధ్యాహ్నం తీసినవాటిలో హైలైట్స్ కొంచెమే తగ్గిస్తా, సిమెంటు తెల్లగా మండుతుంటే మండనిస్తా.

ఇక హెచ్‌ఎస్‌ఎల్, ఒక్కో రంగు ఛాయ (హ్యూ), గాఢత (సాచురేషన్), వెలుగు (లూమినెన్స్) విడివిడిగా మార్చే చోటు, అసలు పనంతా ఇక్కడే. లైట్‌రూమ్‌లో ఎనిమిది రంగులుంటాయి, వాటిలో మన ఒంటి రంగు ఎక్కువగా ఆరెంజ్‌లో ఉంటది. ఆరెంజ్ లూమినెన్స్ పెంచితే మొహం తెల్లబడుతుంది, పెళ్ళి ఆల్బమ్‌లలో జరిగేది ఎక్కువగా ఇదే. దయచేసి చేయొద్దు. యార్డులో మూటలు మోసే మనిషి ఎండకి కమిలిన నలుపు ఆయన కష్టం, పెళ్ళికూతురి చామనఛాయ వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది, దాన్ని మార్చే హక్కు మనకి లేదు. ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టుకుంటే ఆ రంగే ఎంతో అందంగా వస్తది.

ఆకుపచ్చ దగ్గర ఒక కిటుకుంది. పెనుమాక, ఉండవల్లి వైపు అరటి తోటల్లో తీసిన ఫోటోలకి గ్రీన్ స్లైడర్ ఎంత జరిపినా పెద్దగా మారదు, ఎందుకంటే ఎండ పడిన ఆకులో ఎక్కువ భాగం ఎల్లోలో ఉంటది. ఎల్లో హ్యూని కొంచెం జరిపి చూడండి, తోట మొత్తం కదులుద్ది. కానీ పక్కనే పసుపు చీర కట్టుకున్న మనిషి ఉంటే అదీ మారిపోతుంది, అప్పుడు మార్పు తోట మీదే పడేలా మాస్క్ వేయాల్సిందే.

షాడోస్‌కి నీలం, హైలైట్స్‌కి ఆరెంజ్ వేసే గ్రేడింగ్ గురించి ఎక్కువ చెప్పను. వేస్తే ఆఖర్న వేయండి, అదీ చాలా తక్కువ.

ఇప్పుడు ఒకే ఫోటోని మూడు రకాలుగా ఎడిట్ చేసి వదిలేయండి, రాత్రి నచ్చింది పొద్దున చూస్తే అతిగా అనిపిస్తుంది, నాకైతే దాదాపు ప్రతిసారీ అంతే. పొద్దున నచ్చినదాన్ని సగానికి తగ్గించి, అవే సెట్టింగులు వేరే వెలుతురులో తీసిన ఇరవై ఫోటోల మీద వేయండి, పున్నమి ఘాట్ తెల్లవారుజాము, బీసెంట్ రోడ్డు రాత్రి షాపుల లైట్లు, వాన పడుతున్న బందరు కాలవ గట్టు, అన్నీ కలిపి. ఎక్కడ చెడిందో అక్కడ ఏ స్లైడర్ వల్ల చెడిందో వెతికి అది తీసేయండి. అన్నిట్లో నిలబడింది మాత్రం మీదే, దాన్ని ప్రీసెట్‌గా సేవ్ చేసుకోండి, సేవ్ చేసేటప్పుడు వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండిటికీ టిక్ తీసేయండి, అవి ఏ ఫోటోకి ఆ ఫోటోకే చూసుకోవాలి. నా దాంట్లో చివరికి మిగిలినవి ఒక కర్వ్, ఎల్లోలో చిన్న మార్పు, బ్లూ సాచురేషన్ తగ్గింపు, అంతే.

పోయిన సీజన్‌లో మళ్ళీ యార్డుకెళ్ళి తీసి, ఈ పద్ధతిలో ఎడిట్ చేసి ఫోన్‌లో కాకుండా ప్రింట్ తీయించి మావయ్యకి ఇచ్చాను. ఏం మాట్లాడకుండా వేలితో ఒక మూల చూపించి "ఇక్కడ తాలు ఎక్కువుంది, ఈ లాటుకి రేటు రాదు" అన్నాడు.

మీరూ వెళ్ళాలనుకుంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య సరుకు బాగా వస్తది, పొద్దున్నే వెళ్ళండి, ఘాటుకి ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లెన్స్ మాత్రం లోపల మార్చొద్దు, ఆ దుమ్ము సెన్సార్ మీద పడితే ప్రతి ఫోటోలో మచ్చలు తుడుచుకుంటూ కూర్చోవాలి.