పేపరు పంపే ముందు ఐపీ సెల్ తలుపు తట్టండి

ల్యాబ్‌లో మంచి ఫలితం రాగానే పేపరు పంపేయాలనిపిస్తుంది. పంపే ముందు, ల్యాబ్ ఆవిష్కరణలకు పేటెంటు వేయించి కంపెనీలకు అందించే యూనివర్సిటీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు వెళ్లండి. మన కాలేజీల్లో చాలాచోట్ల దీన్నే ఐపీ సెల్ అంటారు. ఆ ఆఫీసు చేసే మేలైనా కీడైనా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తేలిపోతుంది.

ముందే బయటపెట్టిన విషయానికి పేటెంటు చట్టం కొత్తదనాన్ని ఒప్పుకోదు. మన చట్టంలో సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉన్నా, అది ముఖ్యంగా విద్వత్సభలో చదివిన పేపరుకు, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనకు వర్తిస్తుంది. జర్నల్ కంటే ముందే ఆన్‌లైన్‌లో ప్రీప్రింట్ పెట్టేసి ఆ వెసులుబాటును నమ్ముకోవద్దు. అమెరికాలో ఏడాది గడువు ఉంది. యూరప్‌లో దాదాపు లేనట్టే. పోస్టరు, అందరూ వచ్చే వైవా, ప్రాజెక్టు ఎక్స్‌పో, యూట్యూబ్ వీడియో కూడా బయటపెట్టడం కిందికే వస్తాయి. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో అందరికీ చూపే శోధ్‌గంగలోకి మీది ఎక్కితే ప్రపంచానికి చూపినట్టే. అందుకే కొన్నాళ్లు ఆపమని ముందుగానే రాతపూర్వకంగా అడగండి.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ స్టాన్‌ఫర్డ్‌ది. జన్యువులను అతికించే పద్ధతి మీద కోహెన్, బోయర్‌ల పేపరు 1973 నవంబరులో అచ్చయింది. లైసెన్సింగ్ ఆఫీసు నడిపే నీల్స్ రీమర్స్‌కు ఆ సంగతి 1974లో పత్రికలో వార్త చూశాకే తెలిసింది. దరఖాస్తు 1974 నవంబరులో, అమెరికా గడువు దాటిపోబోతుండగా పడింది. మిగతా దేశాల్లో హక్కు అప్పటికే పోయింది. అయినా అమెరికా పేటెంటు మీద వచ్చిన లైసెన్సు ఆదాయం 25 కోట్ల డాలర్లు దాటింది.

ఐపీ సెల్ మొదట ఇన్వెన్షన్ డిస్‌క్లోజర్ ఫారం ఇస్తుంది. అందులో సమస్య ఏమిటో, ఇప్పుడున్న పరిష్కారం ఎక్కడ విఫలమవుతోందో, మీది ఎక్కడ వేరో రాయండి. కొలిచిన అంకెలు, నోట్‌బుక్ తేదీలు, నిధులిచ్చిన సంస్థ పేరు జతచేయండి. బయటి ల్యాబ్ నుంచి తెచ్చుకున్న సెల్ లైనో (ల్యాబ్‌లో పెంచే జీవకణాలు) రసాయనమో వాడితే ఆ ఒప్పందం కాపీ కూడా పెట్టండి. దాన్ని దాచిపెడితే, లైసెన్సు సంతకం రోజున కంపెనీ లాయరే బయటికి లాగుతాడు.

ఆవిష్కర్తల పేర్ల దగ్గర మొహమాటం వద్దు. పేపరులో పేరుండటానికీ ఇక్కడ పేరుండటానికీ సంబంధం లేదు. గ్రాంటు తెచ్చారని హెచ్‌ఓడీ పేరు చేర్చడం తప్పు. అసలు ఉపాయం తట్టిన ఎంటెక్ విద్యార్థి పేరు వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. పేటెంటును సవాలు చేసేవాళ్లకు ఆ పొరపాటే ఆయుధమవుతుంది.

హక్కు ఎవరిదన్నది తర్వాతి ముడి. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణలను యూనివర్సిటీల చేతుల్లో పెట్టింది. మన దగ్గర అలాంటి బిల్లు 2008లో పార్లమెంటుకు వచ్చినా చట్టం కాలేదు. కాబట్టి మీ యూనివర్సిటీ ఐపీ పాలసీ, గ్రాంటు షరతులు రెండూ చదవాలి. హక్కును యూనివర్సిటీకి రాసిచ్చే బదిలీ పత్రంలో ‘బదిలీ చేస్తాను’ అని కాక ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను’ అని ఉండాలి. స్టాన్‌ఫర్డ్, మందుల కంపెనీ రోష్ మధ్య కేసు ఈ మాటల తేడా దగ్గరే మలుపు తిరిగి, 2011లో అమెరికా సుప్రీంకోర్టులో స్టాన్‌ఫర్డ్ ఓడిపోయింది.

పేటెంటు ఏజెంటు వచ్చేలోపు, ఇలాంటిది ముందే ఉందేమో మీరే ఓ పూట వెతకండి. గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంటు ఆఫీసు ఎస్పాస్‌నెట్, మన పేటెంటు ఆఫీసు ఇన్‌పాస్ మూడూ ఉచితమే. బాగా దగ్గరగా ఉన్న మూడు పత్రాలు తీసి, ఒక్కోదానికీ మీదానికీ తేడా ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే దరఖాస్తుకు ఇంకా వేళ కాలేదు.

కొన్ని ఆవిష్కరణలకు దారే వేరు. కొత్త వరి వంగడానికి పేటెంటు రాదు, అది 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం కిందికి వెళ్లాలి. సాగు పద్ధతికి రాదు, అదే పని చేసే పరికరానికి రావచ్చు. వేప, పసుపు లాంటి మన జీవ వనరులు వాడితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ దగ్గర పని పూర్తయ్యాకే పేటెంటు మంజూరవుతుంది.

దరఖాస్తును సాధారణంగా ప్రొవిజనల్‌తో, అంటే ముందుగా తేదీ దక్కించుకునే తాత్కాలిక దరఖాస్తుతో మొదలుపెడతారు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తాయి. పెద్ద కంపెనీకి ఆన్‌లైన్ ఫీజు 8,000 రూపాయలైతే విద్యాసంస్థకు 1,600. ఫీజు తక్కువని రెండు పేజీలు రాసి పంపేయడం మామూలైపోయింది. ప్రొవిజనల్‌లో లేని అంశానికి ఆ తేదీ దక్కదు. ఉష్ణోగ్రత, పాళ్లు, ప్రత్యామ్నాయ పదార్థాలు, పనిచేసిన హద్దులు అన్నీ మొదటి రోజే అందులో ఉండాలి. ఆ తర్వాత పూర్తి వివరాలతో వేసే కంప్లీట్ స్పెసిఫికేషన్‌కు గడువు 12 నెలలు. పీసీటీ అనే అంతర్జాతీయ పేటెంటు ఒప్పందం ద్వారా విదేశాలకు వెళ్లడానికీ అదే గడువు. ముందే విదేశంలో వేయాలంటే ఇక్కడి పేటెంటు ఆఫీసు అనుమతి కావాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. దరఖాస్తును పరీక్షించమని పేటెంటు ఆఫీసును కోరే గడువు 2024 మార్చి సవరణతో 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత చార్టు పట్టుకుని కూర్చున్న ఐపీ సెల్‌లు ఇక్కడే దెబ్బతింటాయి.

ఆ 12 నెలల్లో ఐపీ సెల్ అసలు పని మార్కెట్ వెతకడం. రహస్యం బయటపడకుండా ఒక పేజీ సారాంశం రాసి, ఆ వస్తువు నిజంగా తయారుచేయగల కంపెనీలకు పంపాలి. కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో ప్రచురితమైన, మంజూరైన పేటెంట్లను లెక్కిస్తారు. దాంతో సంఖ్య పెంచడమే పనిగా పెట్టుకునే ఆఫీసులు తయారవుతున్నాయి, ఇది పరిశోధనకు చేటు. మీ ఐపీ సెల్‌ను ‘ఎన్ని దరఖాస్తులు వేశారు’ అని కాదు, ‘ఎన్ని లైసెన్సులు నడుస్తున్నాయి’ అని అడగండి.

లైసెన్సు రూపం వస్తువును బట్టి ఉండాలి. అందరికీ పనికొచ్చే ల్యాబ్ పద్ధతైతే ఎవరడిగినా ఇవ్వడమే మేలు. స్టాన్‌ఫర్డ్ తన పద్ధతిని ఏడాదికి 10,000 డాలర్ల కనీస రుసుముతో వందల కంపెనీలకు అలాగే ఇచ్చింది. ఏళ్ల తరబడి పరీక్షలు, కోట్ల ఖర్చు పట్టే మందుకైతే ఒకే కంపెనీకి హక్కు ఇవ్వక తప్పదు. అప్పుడు ఏ తేదీకి ఏ దశ పూర్తికావాలో, కాకపోతే హక్కు ఎలా వెనక్కి వస్తుందో ఒప్పందంలో రాయించండి. మీ ల్యాబ్‌లో పరిశోధన కొనసాగించుకునే హక్కు కూడా ఉంచుకోండి.

పదో నెలకూ ఎవరూ ముందుకు రాకపోతే ఆఫీసుతో కూర్చుని తేల్చుకోండి. గడువులోగా కంప్లీట్ వేయని ప్రొవిజనల్ రద్దయిపోతుంది, కానీ ప్రచురణ కాదు. పేపరు ఇంకా బయటికి పంపకుండా ఉంటే, మెరుగైన డేటాతో అదే ఆవిష్కరణను మళ్లీ కొత్త తేదీతో వేసుకోవచ్చు.