సిజేరియన్‌లో రక్తం ఆగనప్పుడు: ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

మాయ వచ్చేశాక కూడా రక్తం ఊరుతూనే ఉంటే, సూది అందుకునే ముందు గర్భసంచి పైభాగాన్ని చేత్తో పట్టి చూడండి. మెత్తగా ఉంటే ఒక దారి, గట్టిగా ఉండి కూడా కారుతుంటే ఇంకో దారి. ఈ తేడా చూడకుండా మందుల మీద మందులు ఎక్కించడంలోనే ఎక్కువ సమయం పోతుంది.

మెత్తగా, పిండిముద్దలా ఉంది

కారణం: కండరం ముడుచుకోవట్లేదు. కవలలు, ఉమ్మనీరు ఎక్కువ ఉన్నవాళ్లు, నొప్పులు చాలాసేపు సాగినవాళ్లలో ముందే ఊహించాలి.

పరిష్కారం: గర్భసంచిని రెండు చేతులతో నొక్కి పట్టండి. ఆక్సిటోసిన్ (గర్భసంచిని ముడుచుకునేలా చేసే మందు) 3 నుంచి 5 యూనిట్లు సిరలోకి నెమ్మదిగా ఇచ్చి, ఆ తర్వాత డ్రిప్‌లో కొనసాగించాలి. గబుక్కున తోస్తే బీపీ పడిపోతుంది. చాలకపోతే అదే పని చేసే వేరే మందులు: మెథర్జిన్ 0.2 మి.గ్రా. కండలోకి (బీపీ ఎక్కువ ఉంటే వద్దు), లేదా కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండలోకి, 15 నిమిషాలకోసారి, మొత్తం 8 మోతాదులు మించకుండా (ఆస్తమా ఉంటే వద్దు). ట్రానెక్సామిక్ ఆసిడ్ (కట్టిన గడ్డ కరగకుండా ఆపే మందు) 1 గ్రాము 10 నిమిషాల మీద ఇవ్వడానికి ఇవేవీ విఫలమయ్యేదాకా ఆగక్కర్లేదు.

అప్పటికీ ఆగకపోతే బీ-లించ్ కుట్టు, అంటే గర్భసంచిని చుట్టూ బిగించి నొక్కి పట్టే కుట్టు. 1997 నుంచి వాడుకలో ఉంది. ముందు ఒక పరీక్ష: గర్భసంచిని బయటికి తీసి సహాయకుడు గట్టిగా నొక్కుతుంటే, కింద యోని దగ్గర ఒకరు చూడాలి. అక్కడ రక్తం ఆగితే కుట్టు పనిచేస్తుందన్న మాట. సూది కోతకు 3 సెం.మీ. కింద దిగి, 3 సెం.మీ. పైన బయటికి వస్తుంది. దారం పైభాగం మీదుగా వెనక్కి వెళ్లి, వెనక గోడలో కోత మట్టంలోనే అడ్డంగా ఒక కుట్టు తీసుకుని, రెండోవైపు నుంచి ముందుకు రావాలి. ముడి పడేదాకా సహాయకుడు నొక్కు వదలకూడదు. వదిలితే ఉచ్చు వదులై పక్కకి జారిపోతుంది.

గట్టిగా ఉంది, కోత మూల నుంచి కారుతోంది

కారణం: కోత పక్కకి చీలింది. గర్భసంచి సాధారణంగా కుడివైపు తిరిగి ఉంటుంది. దాన్ని సరిచూసుకోకుండా కోస్తే ఎడమ మూల రక్తనాళాలకు దగ్గరవుతుంది. బిడ్డ తల బాగా కిందకి దిగిపోయినప్పుడు ఈ చీలిక మరీ లోతుకు పోతుంది.

పరిష్కారం: అంచులను గ్రీన్ ఆర్మిటేజ్ క్లాంపులతో పట్టి, గర్భసంచిని పైకి లాగి, చీలిక కొన కనబడేదాకా వెతకండి. కుట్టు కొనకు 1 సెం.మీ. అవతల మొదలవ్వాలి. కనబడకుండా గుడ్డిగా లోతుకు సూది వేస్తే మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) కుట్టులో చిక్కుకుంటుంది. గర్భాశయ ధమనినే కట్టాల్సి వస్తే, మూత్రాశయాన్ని బాగా కిందకి తోశాక, కోతకు 2-3 సెం.మీ. దిగువన కొంత కండరాన్నీ కలుపుకుని కట్టాలి. తర్వాతి కేసులో కోతను వేళ్లతో పైకీ కిందకీ సాగదీయండి. అడ్డంగా లాగితే చీలికలు ఎక్కువ.

మాయ కిందికి ఉంది, అది అంటుకున్న చోటే కారుతోంది

అక్కడ కండరం పలచన, అందుకే మందులకు సరిగా స్పందించదు. కారే చోట ఎనిమిది అంకె ఆకారంలో కుట్లు వేయండి. గర్భసంచిని లోపలి నుంచి నొక్కి రక్తం ఆపే బెలూన్ పెడితే దాని గొట్టాన్ని ముందు గర్భాశయ ముఖం గుండా యోనిలోకి దించి, కోత కుట్టేశాకే నింపాలి. ముందే నింపితే సూది దాన్ని పొడుస్తుంది.

సూది గుచ్చిన ప్రతి రంధ్రం నుంచీ ఊరుతోంది

ఇది గడ్డకట్టే సమస్య, కుట్లతో తీరదు. 5 మి.లీ. రక్తం మామూలు గాజు గొట్టంలో తీసి పెట్టండి. ఏడెనిమిది నిమిషాల్లో గడ్డ కట్టకపోయినా, కట్టి విడిపోయినా, ల్యాబ్ రిపోర్టు కోసం చూడకుండా క్రయో (క్రయోప్రెసిపిటేట్), ప్లాస్మా అడగాలి; రెండూ గడ్డకట్టించే పదార్థాలున్న రక్త భాగాలే.