పుస్తకంలో క్యూఆర్ కోడ్‌ని వదిలేయకండి

గవర్నమెంట్ టెక్స్ట్‌బుక్స్‌లో పాఠం దగ్గర చిన్న క్యూఆర్ కోడ్ ఉంటుంది కదా, చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఫోన్‌లో దీక్ష (DIKSHA) అనే ప్రభుత్వ చదువుల యాప్ వేసుకుని, యాప్‌లోంచే ఆ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి పెట్టిన వీడియోలు, ప్రాక్టీస్ ప్రశ్నలు వస్తాయి, డబ్బులేం కట్టక్కర్లేదు. కోడ్ మీద మరక పడో చిరిగో స్కాన్ అవ్వకపోతే దాని కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి, వాటిని టైప్ చేసినా అదే ఓపెన్ అవుతుంది.

నెట్ సరిగా రాని ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇంకా పనికొచ్చేది ఏంటంటే, సిగ్నల్ బాగున్న చోటో వైఫై ఉన్న చోటో ఆ వారం చెప్పబోయే పాఠాలు యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టేసుకోండి, తర్వాత ఇంట్లో నెట్ లేకుండానే చూడొచ్చు, పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చేటప్పుడు డేటా ఆపేసి ఇస్తే యూట్యూబ్ గోల కూడా ఉండదు.

నా మటుకు వీడియో ముందు చూపించడం కన్నా క్లాసులో టీచర్ చెప్పాక చూపిస్తేనే బాగా ఎక్కుతుంది అనిపిస్తుంది, ముఖ్యంగా సైన్స్‌లో. మధ్యమధ్యలో ఆపి ఇప్పుడేం జరిగింది చెప్పు నాన్నా అని అడగండి, చెప్పలేకపోతే కోప్పడకుండా వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లీ పెట్టండి. అప్పటికీ అర్థం కాని డౌట్ నోట్‌బుక్ చివర రాయించి మర్నాడు టీచర్‌ని అడగమని పంపండి, దయచేసి ఆ ఒక్కటి మాత్రం మానొద్దు.