చైన్ ఎన్నిసార్లు సర్దినా నిలవడం లేదా? స్ప్రాకెట్ కేంద్రం చూడండి

పళ్ళ చక్రాల (స్ప్రాకెట్ల) మీద నడిచే రోలర్ చైన్ వదులైందనగానే అందరూ పానా అందుకుంటారు. అంతకుముందే స్కేలుతో కొలవాలి, డ్రైవ్‌ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. ఈ రెండూ వదిలేసి అడ్జస్టర్ బోల్టు తిప్పేయడం వల్లే చాలా చైన్లు, బేరింగులు అకాలంగా పోతున్నాయి. మెయిన్ ఆపి తాళం వేయడం, గార్డు విప్పడం తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వద్దాం.

చైన్ వేలాడుతోంది, గార్డుకి తగులుతోంది, పళ్ళు దాటుతోంది

చైన్ అరిగిందా, వట్టి వదులేనా అన్నది ముందు తేల్చుకోండి. లింకు పిన్నుకీ, దాని చుట్టూ ఉండే బుష్‌కీ మధ్య అరిగేకొద్దీ పిచ్, అంటే పక్కపక్క పిన్నుల మధ్య దూరం, పెరుగుతుంది. అడ్జస్టర్‌తో ఎంత లాగినా ఆ పిచ్ తగ్గదు. చైన్ పళ్ళ కొనల వైపు ఎక్కి నడుస్తూ చివరికి దూకేస్తుంది.

బిగువుగా ఉన్న వైపు ఒకటో పిన్ను నుంచి పదమూడో పిన్ను దాకా కొలవండి. 25.4 మి.మీ. పిచ్ చైన్ అయితే కొత్తలో 304.8 మి.మీ. ఉంటుంది. 314 దగ్గరికి వచ్చిందంటే 3 శాతం సాగినట్టే, మార్చేయాలి. షాఫ్టుల దూరం సర్దే వీలు గానీ ఐడ్లర్ (చైన్ వదులుని తీసుకునే అదనపు చక్రం) గానీ లేని డ్రైవ్‌లో 1.5 శాతమే హద్దు, అంటే 309. స్ప్రాకెట్‌కి 67 పళ్ళు మించితే హద్దు కోసం 200ని పళ్ళ సంఖ్యతో భాగించండి. 100 పళ్ళకి 2 శాతం వస్తుంది. కొక్కేల్లా వంగిన పళ్ళ మీద కొత్త చైన్ వేయకండి.

కొలత హద్దులోనే ఉంటే సర్దితే సరిపోతుంది. వదులు వైపు మధ్యలో పట్టుకుని పైకీ కిందికీ కదిపితే, మొత్తం కదలిక షాఫ్టుల మధ్య దూరంలో 4 శాతం ఉండాలి. 1000 మి.మీ. దూరానికి 40 మి.మీ. అన్నమాట. నిలువు డ్రైవ్‌కీ, కుదుపుల లోడుకీ, రెండు దిశల్లోనూ తిరిగేదానికీ 2 శాతం చాలు. వి-బెల్టుని లాగి కట్టినట్టు చైన్‌ని కట్టకూడదు. ఆ అదనపు బిగువంతా పిన్నుల మీదా బేరింగుల మీదా పడుతుంది.

ఒకచోట సరిగ్గా ఉంది, అర చుట్టు తిరిగేసరికి బిగుసుకుంటోంది

ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. చుట్టు చుట్టుకీ ఒక మూలుగు వస్తుంది, బేరింగు వేడెక్కుతుంది, సరిగ్గా సర్దిన చైన్ కొద్ది రోజులకే మళ్ళీ వదులవుతుంది. చైన్ నాసిరకమని తేల్చేసి కొత్తది వేస్తారు, అదీ అలాగే పోతుంది. అసలు లోపం స్ప్రాకెట్‌లో ఉంటుంది. దాని పళ్ళ వలయం షాఫ్టు కేంద్రం మీద తిరగడం లేదు.

కాస్త తేడాకే ఇంత జరుగుతుందా అనిపిస్తే లెక్క చూడండి. 1000 మి.మీ. దూరంలో చైన్ 40 మి.మీ. కదలడానికి కావలసిన అదనపు పొడవు కేవలం 0.8 మి.మీ. స్ప్రాకెట్ కేంద్రం 0.2 మి.మీ. తప్పితే, అర చుట్టులో షాఫ్టుల దూరం 0.4 మి.మీ. పెరిగినట్టే. పైనా కిందా కలిపి చైన్ 0.8 మి.మీ. పొడవు కావాలంటుంది. అంటే చైన్ బాగా వదులుగా ఉన్నచోట కొలిచి సర్దినవారికి, అర చుట్టు తర్వాత వదులు సున్నా!

పట్టుకోవడానికి సుద్దముక్క చాలు. రెండు స్ప్రాకెట్ల మీదా ఒక్కో పంటికి, చైన్‌లో ఒక లింకుకి గుర్తు పెట్టండి. నడిచే దిశలోనే చేత్తో తిప్పండి, లేకపోతే వదులు రెండో వైపు చేరి కొలత తప్పుతుంది. పెద్ద స్ప్రాకెట్ పావు చుట్టుకోసారి ఆపి కదలిక కొలవండి. బిగుసుకునే చోటు ఏ గుర్తుతో పాటు తిరిగి వస్తుందో లోపం దానిదే. లింకు గుర్తుతో వస్తే బిగుసుకున్న లింకో, పాత చైన్‌కి అతికిన కొత్త ముక్కో కారణం. అనుమానం తీరకపోతే చైన్ విప్పి నాలుగు పళ్ళు జరిపి వేసి మళ్ళీ చూడండి.

స్ప్రాకెట్ దోషమైతే డయల్ గేజ్ (సన్నటి తేడాని ముల్లుతో చూపే కొలత పరికరం) ముందు హబ్ (స్ప్రాకెట్ మధ్య భాగం) పక్కన షాఫ్టు మీద పెట్టండి. అక్కడే ముల్లు ఊగితే షాఫ్టు వంగింది, లేదా బేరింగు అరిగింది. షాఫ్టు బాగుంటే పంటి సందులో రోలర్ సైజు పిన్ను ఆనించి సందు సందుకీ కొలవండి. హబ్ బయటి అంచు కొలిస్తే చాలదు, అది పళ్ళతో కలిసి ఉండకపోవచ్చు.

తేడా ఉంటే స్ప్రాకెట్ విప్పండి. టేపర్ బుష్ (హబ్‌ని షాఫ్టుకి పట్టించే వాలు బుష్) అయితే వాలులో రంగు, తుప్పు, బర్ (లోహపు గరుకు అంచు) ఉండొచ్చు. పొడిగా తుడిచి, స్క్రూలు మార్చి మార్చి కొంచెం కొంచెంగా, తయారీదారు చెప్పిన టార్క్ (తిప్పే బలం) దాకా బిగించండి. కాసేపు నడిపాక మళ్ళీ బిగించండి. సాదా బోర్ (తిన్నని రంధ్రం) అయితే కీ (షాఫ్టునీ హబ్‌నీ కలిపి తిప్పే లోహపు ముక్క) ఎత్తు చూడండి. కీ పైభాగం హబ్‌లోని కీవేకి (కీ కూర్చునే గాడికి) తగులుతుంటే అది హబ్‌ని ఒక పక్కకి నెట్టేస్తుంది. కీని ఆకురాయితో దించాలి. బోరే పక్కకి వేసి ఉంటే స్ప్రాకెట్ మార్చడమే మార్గం.

కొత్త స్ప్రాకెట్ వచ్చేదాకా నడపక తప్పకపోతే, చైన్ అన్నిటికంటే బిగువుగా ఉన్న స్థానంలోనే వదులు సర్దండి.

చైన్ కీళ్ళలో ఎర్రటి పొడి

ఆయిల్ లోపలికి చేరడం లేదు. రోలర్ల మీద పోస్తే పిన్నుకి అందదు. కింది వరుసలో, లింకు ప్లేట్ల పై అంచుల సందుల్లో పడాలి. పైన పూసిన గ్రీజు లోపలికి దిగదు.

ప్లేట్ల లోపలి వైపు మెరుస్తూ అరిగాయి

స్ప్రాకెట్లు ఒకే వరుసలో లేవు. స్ట్రెయిట్ ఎడ్జో దారమో పట్టి సరిచేయండి.

మోటారు బేస్ బోల్టులు ఒకసారి తడిమి చూడండి. వేడికి ఫ్రేమ్ సాగడం, పిచ్ తేడా ఉన్న చైన్ వేయడం లాంటివి చాలా అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.