లాప్‌టాప్‌లో బాగుంది, మావయ్య ఫోన్‌లో లేదు

మా మావయ్యది ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు. 2023లో అక్కడి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక "మనకీ ఓ వెబ్‌సైట్ ఉండాలి అల్లుడూ" అని పట్టుబట్టాడు. నేను అమలాపురంలో బీటెక్ మూడో ఏడు. మినీ ప్రాజెక్టు ఎలాగూ కావాలి కదా అని ఒప్పుకున్నాను. పేజీకి హెచ్‌టీఎమ్ఎల్, సర్వర్ పనికి పీహెచ్‌పీ, డేటా దాచడానికి మైఎస్‌క్యూఎల్, అంతే. నా లాప్‌టాప్‌లో నడిచింది బయట ఎన్ని రకాలుగా నడవదో అప్పుడు తెలిసింది. నాకు తగిలినవి ఇక్కడ రాస్తున్నాను.

తెలుగు అక్షరాలు పాడైపోయాయి

ఇందులో మూడు రకాలున్నాయి. కలిపేసుకుంటే రాత్రంతా పోతుంది, నాకు పోయింది.

మొదటిది: "పూతరేకులు" ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, పక్కన బుల్లి సున్నా, మళ్లీ అదే ఏ, ప్లస్-మైనస్ గుర్తు, ఇలా బారుగా వస్తుంది. "ఇదేం భాషరా?" అన్నాడు మావయ్య. కారణం ఇదీ. పూతరేకులు అంటే మన కంటికి 5 అక్షరాలు. యూనికోడ్‌లో (అన్ని భాషల గుర్తులకీ నంబర్లిచ్చే పట్టిక) గుణింతపు గుర్తులు విడిగా లెక్క కాబట్టి 9. ఆ నంబర్లని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 27. బ్రౌజర్‌కి ఇది యూటీఎఫ్-8 అని చెప్పకపోతే ఒక్కో బైటునీ ఒక్కో పాశ్చాత్య అక్షరంగా చదివేస్తుంది. తెలుగు గుర్తులన్నిటికీ మొదటి బైటు ఒకటే, అందుకే ఆ ఏ పదేపదే వస్తుంది. అది కనిపించిందంటే చాలావరకు రోగం ఇదే, ముందు ఇక్కడే వెతకండి.

పరిష్కారం: హెడ్ ట్యాగ్‌లో అన్నిటికన్నా ముందు మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టండి (చార్‌సెట్ అంటే అక్షరాలని బైట్లుగా రాసిన పద్ధతి). అది ఫైల్లో మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. కోడ్ రాసే వీఎస్ కోడ్‌లో కింద పట్టీ మీద కూడా యూటీఎఫ్-8 అనే ఉందో లేదో చూడండి. రెండూ సరిగ్గా ఉన్నా మారకపోతే సర్వర్ పేజీకి ముందు పంపే హెడర్‌లో వేరే చార్‌సెట్ ఉండొచ్చు. అప్పుడు మెటా ట్యాగ్ మాట చెల్లదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో కంటెంట్ టైప్ చూసి, పీహెచ్‌పీ ఫైలు పైనే హెడర్ సరిచేయాలి.

రెండోది: అన్నీ ప్రశ్నార్థకాలే. ఇది డేటాబేస్ వైపు గొడవ. కంగారుపడి టేబుల్‌ని కెలక్కండి, ముందు పీహెచ్‌పీమైఅడ్మిన్ (డేటాబేస్‌ని బ్రౌజర్‌లో చూపించే పేజీ) తెరిచి చూడండి. అక్కడ తెలుగు చక్కగా ఉంటే డేటా క్షేమం. కనెక్షన్ ఒక్కటే వేరే చార్‌సెట్‌లో ఉంది, కనెక్ట్ అయిన వెంటనే దాన్ని యూటీఎఫ్-8-ఎంబీ-4కి మార్చితే సరి. అక్కడ కూడా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం సేవ్ అయినప్పుడే అక్షరాలు పోయాయి. టేబుల్ చార్‌సెట్ మార్చినా తిరిగి రావు. నేను 14 రకాల పేర్లు మళ్లీ టైప్ చేశాను. ఉత్తి యూటీఎఫ్-8 అన్న పేరుతో మైఎస్‌క్యూఎల్‌లో ఉన్నది 3 బైట్ల వరకే, తెలుగు పడుతుంది కానీ ఎమోజీ పట్టదు. మావయ్యకి ఎమోజీ లేకపోతే ప్రాణం ఒప్పదు.

మూడోది: ఖాళీ డబ్బాలు. ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదన్నమాట. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ జోడిస్తే చాలు. (విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు ఫాంట్ పేరు గౌతమి. మన గోదారి పేరే అని నాకు మొన్నటిదాకా తట్టలేదు.)

దీనికి చుట్టం ఇంకోటి ఉంది. ఫారంలో పేరు 20 అక్షరాలు దాటకూడదని పెట్టాను. "పూతరేకులు" అని కొడితే ఎక్కువైందంటుంది. పీహెచ్‌పీలో పొడవు కొలిచే ఎస్‌టీఆర్‌లెన్ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లని, అంటే 27. పేరుకి ముందు ఎంబీ ఉన్న ఎంబీ-ఎస్‌టీఆర్‌లెన్ వాడితే 9 వస్తుంది.

ఫొటోలు నా దగ్గర వస్తాయి, సర్వర్ మీద రావు

కొన్ని ఫోన్లలో తీసిన ఫొటో ఫైలు పేరు చివర జేపీజీ పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కోడ్‌లో మనం చిన్న అక్షరాల్లో రాస్తాం. విండోస్‌కి రెండూ ఒకటే. గిట్‌హబ్ పేజెస్‌కీ, మామూలుగా లినక్స్ మీద నడిచే హోస్టింగులకీ (సైటుని నెట్‌లో ఉంచే సర్వర్లు) ఇవి రెండు వేర్వేరు ఫైళ్లు, అందుకే 404, అంటే ఫైలు దొరకలేదని.

పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చండి. ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది: విండోస్‌లో కేవలం పెద్ద అక్షరాలు చిన్నవైతే గిట్ (కోడ్ మార్పులు దాచి సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్) దాన్ని మార్పుగా గుర్తించదు. పుష్ చేసినా అక్కడ పాత పేరే ఉంటుంది. గిట్ ఎంవీ కమాండ్‌తో ముందు వేరే పేరుకి, తర్వాత కావలసిన పేరుకి మార్చండి. ఫైలు ఎక్కడుందో చెప్పే పాత్‌లో సి డ్రైవ్ పేరు ఉంటే మాత్రం చెప్పేదేముంది, తీసేయండి.

లింక్ పంపాను, తెరుచుకోలేదు

మా క్లాసులో ప్రతి ఒక్కరూ ఒకసారైనా చేసిన పనే. లోకల్‌హోస్ట్ లింక్ వాట్సాప్‌లో పంపితే అది అవతలివాళ్ల ఫోన్‌లోనే వెతుకుతుంది, 127.0.0.1 అంటే ఎవరి మిషన్ వాళ్లదే. ఇద్దరూ ఒకే హాట్‌స్పాట్‌లో ఉంటే లాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, అక్కడ కనిపించే, చాలావరకు 192.168తో మొదలయ్యే అడ్రస్ ఇవ్వండి, ఫైర్‌వాల్ అడిగితే అనుమతించండి. మావయ్య ఆత్రేయపురంలో ఉంటే హోస్టింగే గతి.

ఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి

పేజీని ఫోన్ తెర వెడల్పుకి సర్దమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ మర్చిపోయారు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు సుమారు 980 పిక్సెళ్లు అనుకుని కుదించేస్తుంది.

కరెంటు పోయి వచ్చాక మైఎస్‌క్యూఎల్ లేవడం లేదు

వానాకాలం మా వైపు గాలి గట్టిగా వేస్తే కరెంటు ఉండదు. నా లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్ ఊడితే ఆఫే. ఎగ్జాంప్‌లో (సొంత లాప్‌టాప్‌లోనే సర్వర్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ నడిపే ప్యాకేజీ) మైఎస్‌క్యూఎల్ అనుకోకుండా ఆగిందని ఎర్రగా వస్తే సాధారణంగా రెండు కారణాలు. 3306 పోర్టుని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉండొచ్చు. లేదా రాస్తుండగా ఆగిపోయి ఫైళ్లు దెబ్బతిని ఉండొచ్చు. కరెంటు పోయిన తర్వాత మొదలైందంటే రెండోదే అనుకోండి.

ఐబీడేటా-1 ఫైలు తీసేస్తే పోతుందని ఎవరైనా చెబితే వినకండి. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే పద్ధతి) టేబుళ్ల చిట్టా అందులోనే ఉంటుంది, అది పోతే టేబుల్ పేర్లు కనిపిస్తాయి గానీ తెరుచుకోవు. ఎగ్జాంప్‌లోని మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్ లోపల డేటా, బ్యాకప్ అని రెండు ఫోల్డర్లుంటాయి. డేటా ఫోల్డర్‌కి పేరు మార్చి పక్కన పెట్టండి. బ్యాకప్ ఫోల్డర్‌ని కాపీ చేసి ఆ కాపీకి డేటా అని పేరు పెట్టండి. పాతదాంట్లోంచి మీ డేటాబేస్ ఫోల్డర్లనీ, ఐబీడేటా-1నీ మాత్రమే ఇందులోకి తెచ్చుకోండి. మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీమైఅడ్మిన్, పెర్ఫార్మెన్స్ స్కీమా అనే ఫోల్డర్లని ముట్టుకోవద్దు. సర్వర్ లేచాక మొదట ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, మబ్బు ఇంకా పట్టే ఉంటుంది.