టీవీ పక్కన చప్పుడు చేయని కంప్యూటర్: ఎలా ఎంచుకోవాలి?

తిరుపతిలో మే నెల రాత్రి సీలింగ్ ఫ్యాన్ కింద సినిమా చూస్తుంటే కంప్యూటర్ చప్పుడు ఎవరికీ వినిపించదు. దాని అసలు రంగు ధనుర్మాసంలో బయటపడుతుంది. ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోతాయి, తెర మీద ఎవరో గుసగుసలాడతారు, టీవీ పక్కనున్న పెట్టె మాత్రం హోరుమంటూనే ఉంటుంది. ఆ హోరు లోపలి ఫ్యాన్‌ది, దానికి మూలం వేడి. కాబట్టి ముందు వేడెక్కని ప్రాసెసర్‌ను వెతకండి.

సినిమాలకు గేమింగ్ కంప్యూటరంత బలం అక్కర్లేదు. కుదించి దాచిన వీడియోను విప్పే పని ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానిది. దానికి హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్లు తెలిస్తే చాలు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌కు రెండూ తెలుసు, దాని టీడీపీ, అంటే అది వేడిగా వదిలే శక్తి లెక్క, 6 వాట్లే. చవకగా వస్తోందని పాత నాలుగో తరం ఇంటెల్ ఐ7 ప్రాసెసర్ ఉన్నది కొనకండి. కొత్త ఫార్మాట్ల భారమంతా దాని కోర్ల మీదే పడుతుంది, ఫ్యాన్ గోల మొదలవుతుంది.

తరువాత ఫ్యాన్ సంగతి. అసలు ఫ్యానే లేని పెట్టె కొని, చూడముచ్చటగా ఉంటుందని టీవీ కింది అరలో పెట్టి తలుపు మూశాను. ఏప్రిల్‌లో అది చెయ్యి పెట్టలేనంత కాలింది, వీడియో ఆగి ఆగి నడిచింది. తప్పు పెట్టెది కాదు, నాది. అలాంటిదానికి చుట్టూ జానెడు ఖాళీ, పైన గాలి ఉండాలి. మన ఎండలకు నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యానున్న పెట్టే మేలని నా అభిప్రాయం. చిన్న ఫ్యాన్ అంతే గాలి తోయాలంటే వేగంగా తిరగాలి, అందుకే కీచుమంటుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే వేడిని బట్టి వేగం తగ్గించుకోవచ్చు.

హాల్లో తిరిగే భాగాల్లేని, చప్పుడు చేయని ఎస్‌ఎస్‌డీ డిస్క్ మాత్రమే ఉంచండి. తిరుగుతూ చప్పుడు చేసే సినిమాల హార్డ్ డిస్క్ పక్క గదిలో పెట్టి, ల్యాన్ కేబుల్‌తో కలపండి. ర్యామ్ 8 జీబీ సరిపోతుంది. 4కే టీవీ అయితే పెట్టెకు టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పోర్టు 2.0 రకమో కాదో అడగండి, పాత 1.4తో 4కేలో సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి.

దుకాణంలో విని తీర్పు చెప్పకండి, రోడ్డు రొద అన్నిటినీ కప్పేస్తుంది. తిరిగి తీసుకుంటారా అని ముందే మాట్లాడుకుని ఇంటికి తెచ్చుకోండి. రాత్రి పదకొండుకు ఇంట్లో సీలింగ్ ఫ్యాన్లు ఆపి, అరగంట 4కే వీడియో నడిపి, మీరు కూర్చునే చోటి నుంచే వినండి.

ఇక ఏటా శివరాత్రి దాటి చలి శివశివా అని వెళ్లిపోగానే, కంప్యూటర్ ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో ఒకసారి దుమ్ము ఊదేయండి.