పాట ఒక దారి, పెదాలు ఒక దారి: మ్యూజిక్ వీడియోలో లిప్ సింక్ ఎక్కడ తప్పుతుంది?

వీడియోలో పాటకు పెదాలు కలవట్లేదా? ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను తర్వాత తిట్టుకోవచ్చు. ముందు షూటింగులో స్పీకర్‌లో మోగిన పాట ఫైలు నిడివి, టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్పులు పేర్చే పట్టీలో) ఉన్న పాట నిడివి ఒకటేనా చూడండి. ఇరవై సెకన్ల పని, అయినా చాలామంది చూడరు. ఒకరి ఫోన్లో రఫ్ మిక్స్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర ఇంట్రో కత్తిరించిన కాపీ, ఎడిటర్ దగ్గర ఫైనల్ మిక్స్. ఈ మధ్యలో ఎవరో టెంపోను (నిమిషానికి పడే బీట్ల లెక్కను) 100 నుంచి 102కి పెంచారనుకోండి, నాలుగు నిమిషాల పాట సుమారు 4.7 సెకన్లు తగ్గిపోతుంది. అలాంటప్పుడు ఆ క్లిప్పుల వేగం 102 శాతానికి పెట్టాలి, లేదా పాత మిక్స్‌తోనే ఎడిట్ చేయాలి. ముక్కలు కోసి జరుపుకుంటూ పోతే తెల్లారుతుంది తప్ప పని అవదు.

నిడివి సరిపోయిందా? ఇప్పుడు తేడా ఎలాంటిదో తేల్చాలి. ప, బ, మ దగ్గర పెదాలు పూర్తిగా మూతపడతాయి కాబట్టి ఆ అక్షరాలున్న మాటలు పట్టుకోండి. క్లిప్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. పెదాలు విడిపడే ఫ్రేము దగ్గరే పాటలో ఆ అక్షరం పలకాలి. అ, ఆ చూసి సింక్ చేస్తే ఎన్నటికీ తేలదు.

మొదట్లోనూ చివర్లోనూ ఒకే తేడా

స్పీకర్ కెమెరాకు దూరంగా ఉంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లే వెళ్తుంది. పాడేవాళ్ల పక్కన స్పీకర్, 20 మీటర్ల దూరంలో కెమెరా ఉంటే కెమెరాకు పాట 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది ఒకటిన్నర ఫ్రేము. కెమెరా శబ్దాన్ని బట్టి సింక్ చేస్తే పెదాలు పాట కంటే ముందే కదులుతాయి, క్లిప్‌ను కుడివైపు ఒకటి రెండు ఫ్రేములు జరిపితే సరి. బ్లూటూత్ స్పీకర్ మీద అనుమానం అక్కర్లేదు. అది పాటను ఆలస్యంగా మోగించినా, పాడేవాళ్లు విన్నదీ కెమెరా విన్నదీ ఆ ఆలస్యపు పాటే.

మొదట బాగుంది, పోను పోను జారుతోంది

ఫోన్‌తో తీశారా? అయితే అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. ఫోన్ 30 ఫ్రేములు అని చెప్పినా ప్రతి సెకనుకూ కచ్చితంగా 30 తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుగు కావాలి. సెకనులో 24వ వంతు సేపు షట్టర్ తెరిచి ఉంటే 30 ఫ్రేములు ఎలా పడతాయి? అందుకే చడీచప్పుడు లేకుండా రేటు తగ్గించేస్తుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అన్ని ఫ్రేముల మధ్యా సమాన దూరం ఉందనుకుని పేర్చుకుంటూ పోతే బొమ్మ ముందుకు పరుగెడుతుంది. సగటు 29.7 ఉన్నా నాలుగు నిమిషాల టేక్‌లో 72 ఫ్రేములు తక్కువ, అంటే 2.4 సెకన్లు.

ఇది ఇన్నాళ్లు దొరక్కుండా తిరగడానికి కారణం, క్లిప్‌లోని శబ్దం సవ్యంగానే ఉండటం. సాఫ్ట్‌వేర్‌లోని ఆటో సింక్ వేవ్‌ఫారమ్‌లు (శబ్దం గీతలు) చూసి కలిపేస్తుంది, రెండు పాటలూ ఒక్కటిగా వినిపిస్తాయి, చెవికి ఏ తప్పూ తెలియదు. జారేది బొమ్మ ఒక్కటే. పైగా ఎండలో తీసిన షాట్లు బాగుండి, రాత్రి షాట్లే పాడవుతాయి. దాంతో పాపం పాడినవాళ్ల మీద పడతారు.

నిర్ధారణకు క్లిప్‌ను మీడియాఇన్ఫోలో (వీడియో ఫైలు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటుంది, కింద కనిష్ఠం, గరిష్ఠం అంకెలు కూడా ఉంటాయి. ఆ రెంటి మధ్య తేడా పెద్దదైతే దొరికినట్టే.

మందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో ఫైళ్లు మార్చే సాఫ్ట్‌వేర్. వీడియో ట్యాబులో ఫ్రేమ్‌రేట్ 30 ఎంచుకుని, పక్కనే కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ నొక్కండి. మామూలుగా అక్కడ పీక్ ఫ్రేమ్‌రేట్ ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే మార్చినా మార్చనట్టే. సేమ్ యాజ్ సోర్స్ వద్దు. నాణ్యత ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య, ఆడియో 48 కిలోహెర్ట్జ్. టైమ్‌లైన్ కూడా 30లోనే పెట్టండి. 30లో తీసినదాన్ని 25కి దించితే ప్రతి ఆరో ఫ్రేము ఎగిరిపోయి కదలికలు తడబడతాయి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు పడ్డాక ఆ టైమ్‌లైన్ రేటు మారదు, కొత్త టైమ్‌లైన్ చేసుకోవాల్సిందే.

మార్చడం ఎడిట్‌కు ముందే జరగాలి. ఎడిట్ అయ్యాక తెలిస్తే కొత్త ఫైళ్లను పాతవాటి స్థానంలో రీలింక్ చేయొచ్చు గానీ, లోపలి ఫ్రేములు జరిగిపోతాయి కాబట్టి ప్రతి షాట్‌నూ స్లిప్ టూల్‌తో (షాట్ చోటు మారకుండా లోపలి బొమ్మను జరిపేది) మళ్లీ కూర్చోబెట్టాలి.

మళ్లీ తీసే వీలుంటే ఇంకో లైటు పెట్టండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలో ఆటో ఎఫ్‌పీఎస్ (ఫ్రేమ్ రేటును తనంతట తానే మార్చేది) ఆపండి. షట్టర్ చేత్తో పెట్టుకునే యాప్ ఉంటే సెకనులో 60వ వంతు దగ్గర బిగించండి. లైట్లు మిణుకుమంటే, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 50వ వంతుకు మార్చండి. ఇంత చేసినా కొద్దిగా ఊగిసలాట మిగులుతుంది, హ్యాండ్‌బ్రేక్ తప్పదు. ప్రతి టేక్ మొదట్లోనే కాదు, చివర్లోనూ ఒక చప్పట కొట్టించండి. జారుడు ఎంతో అక్కడే తేలిపోతుంది.

సింక్ సరిగ్గానే ఉంది, అయినా పాడుతున్నట్టు లేదు

పెదాలు మాత్రమే ఆడించారు. గొంతు నరాలు కదలవు, ఊపిరి తీసుకున్నట్టు ఉండదు. బిగ్గరగా పాడాలి, శ్రుతి తప్పినా పరవాలేదు, ఆ శబ్దం ఎలాగూ వాడం. మొదటి మాట ఎప్పుడూ ఆలస్యమవుతుంటే పాట ముందు అదే టెంపోలో నాలుగు బీప్‌లు చేర్చండి. 120 టెంపోకు మొత్తం రెండు సెకన్లు.

మిగతావి

పాట శ్రుతి పెరిగి గబగబా వినిపిస్తే 44.1, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ల (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క) గందరగోళం. అరుదు, ఆడియోను 48కి మార్చి మళ్లీ ఇంపోర్ట్ చేయండి. స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే పాటను రెట్టింపు వేగంతో మోగించి 60 ఫ్రేముల్లో తీసి, 30లో ఆడించాలి. మామూలు వేగంలో పాడించిన షాట్‌ను తర్వాత స్లో చేసి పెదాలు కలపాలని చూడకండి, కలవవు.